ఏ కంపెనీ కారైనను, ఏ కంపెనీ కేంద్రమైనను

హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి జగ్గయ్యపేట ప్రాంతమున ఆంధ్రప్రదేశమును ప్రవేశించి, నందిగామ, కంచికచర్లల మీదుగా కృష్ణాతీరమును చేరుచున్నది. పూర్వము 9వ సంఖ్యతో పిలువబడిన ఈ మార్గమునకు నేడు 65వ సంఖ్య. మన మెట్ట ప్రాంతపు మిరప, ప్రత్తి బస్తాలు, కంకర లారీలు, ప్రయాణికుల బస్సులు సమస్తము ఈ దారినే నడచుచున్నవి. ఇటీవలి సంవత్సరములలో వీని నడుమ పొగగొట్టము లేని వాహనములును కనబడుచున్నవి. 2023 మే నెలలో తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ హైదరాబాదు, విజయవాడల నడుమ ‘ఈ-గరుడ’ అను పేరుతో విద్యుత్తు బస్సులను ప్రారంభించెను.

నియమిత మార్గమున, నియమిత కాలమున తిరుగు బస్సునకు ఛార్జింగు ఎక్కడ పెట్టవలెనో ముందుగానే నిర్ణయింపబడి యుండును. సొంత కారులో పోవువాని స్థితి వేరు. అతని కారు ఒక కంపెనీది. దారిలో దొరకిన ఛార్జింగు కేంద్రము మరొక కంపెనీది; ఒక్కొక్కప్పుడు తన కారు కంపెనీతో విపణిలో పోటీపడుచున్న కంపెనీదే. అచ్చట ఆగవచ్చునా? ఆగినచో విద్యుత్తు ఎక్కునా? ఎక్కినచో బ్యాటరీకి చేటు కలుగదు గదా? డబ్బు ఏ రీతిని చెల్లింపవలెను? విద్యుత్తు కారు కొనదలచిన ప్రతి కుటుంబమునను నేడు ఈ ప్రశ్నలు వినబడుచున్నవి. వీనికి సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

పెట్రోలు విషయమున మనకు ఈ సందేహములు ఎన్నడును కలుగలేదు. బంకు ఏ కంపెనీదో చూతుము గాని, ఆ బంకునకు మన బండి పనికివచ్చునా అని అడుగము. గొట్టము టాంకులో పెట్టినంతనే నూనె దిగును. డబ్బు చేతికిచ్చి వెడలిపోదుము. బంకు యజమానికిని బండి కంపెనీకిని సంబంధమే లేదు. విద్యుత్తు కారు విషయమున అట్లు కాదు. ఇచ్చట మూడు ద్వారములు దాటవలెను. మొదటిది ప్లగ్గు, రెండవది కారునకును యంత్రమునకును జరుగు సంభాషణ, మూడవది డబ్బు లెక్క. ఈ మూడును తెరచుకొనిననే పరాయి కంపెనీ కేంద్రము మనకు ఉపయోగపడును.

ముందుగా వేగపు ఛార్జింగు అనగా నేమో చెప్పుకొందము. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు ఏకాంతర ప్రవాహము. బ్యాటరీ నిలువచేసికొనునది ఏకముఖ ప్రవాహము. ఇంటిలో పెద్ద సాకెట్టునకు కారును తగిలించినపుడు, ఈ మార్పిడి పని కారులోనే యున్న చిన్న పరికరము చేయును. ఆ సాకెట్టు గంటకు సుమారు 3 యూనిట్లు ఈయగలదు. 30 యూనిట్లు పట్టు బ్యాటరీ నిండుటకు 10 గంటలు కావలెను. రాత్రి పడుకొని తెల్లవారి లేచువానికి ఇది చాలును. దారిలో నున్నవానికి చాలదు. వేగపు కేంద్రమున ఈ మార్పిడిని బయటనున్న పెద్ద యంత్రమే చేసి, ఏకముఖ ప్రవాహమును నేరుగా బ్యాటరీకి పంపును. 30 కిలోవాట్ల యంత్రము అరగంటలో 15 యూనిట్లు ఈయగలదు. 60 కిలోవాట్ల యంత్రము, కారు పుచ్చుకొనగలిగినచో, అదే కాలమున 30 యూనిట్లు ఈయగలదు.

ఇక మొదటి ద్వారము. ప్లగ్గుల కథ మన ప్రాంతపువారికి రైలుమార్గముల కథవలె తోచును. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడ చేరినది. అది బ్రాడ్ గేజి. పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు. గుంటూరు వైపునుండి వచ్చిన దక్షిణ మరాఠా రైల్వే కంపెనీ మార్గము మీటరు గేజి. అనగా 1,000 మిల్లీమీటర్లు. రెండును ఇనుప పట్టాలే, రెండింటిపై నడచునవియు పొగబండ్లే. అయినను ఒకదాని పెట్టె రెండవదానిపై నడువదు. గేజి మారినచోట సరకును దింపి మరల ఎక్కింపవలసినదే. దేశమంతటను ఒకే గేజి ఉండవలెనను యూనిగేజి పథకము 1992లో మొదలైనది. ఒక శతాబ్దము పాటు కూలివాని వీపు ఆ తేడాను మోసినది.

వేగపు ఛార్జింగులోను అట్టి భేదములే పుట్టినవి. జపానువారు చాడెమో అను ప్లగ్గును, చైనావారు జీబీ/టీ అనుదానిని, ఐరోపావారు సీసీఎస్-2 అనుదానిని స్వీకరించిరి. అమెరికాలో టెస్లా కంపెనీ తనకు తానే వేరొక ప్లగ్గును కల్పించుకొనెను. మన దేశమున మొదట భారత్ డీసీ-001 అను పద్ధతి వచ్చినది. దాని శక్తి 15 కిలోవాట్లకు మించదు. తొలినాటి కొన్ని కార్లకు అది సరిపోయినది. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ వెలువరించిన మార్గదర్శకములలో, ప్రతి సార్వజనిక కేంద్రమునందును సీసీఎస్, చాడెమో, భారత్ పద్ధతులు అన్నియు ఉండవలెనని చెప్పబడెను. ఆ నియమము భారమగుటచే, 2019 అక్టోబరులో దానిని సడలించి, ఏ రకము పెట్టవలెనో నిర్ణయించు స్వేచ్ఛను కేంద్రము నడపువారికే విడిచిరి. ఆ సంవత్సరముననే హ్యుందాయ్ కోనా, 2020 జనవరిలో టాటా నెక్సాన్, ఎం.జి. జెడ్.ఎస్. కార్లు సీసీఎస్-2 ప్లగ్గుతో వచ్చినవి. తరువాత వచ్చిన మహీంద్రా, కియా, బి.వై.డి. కార్లును ఆ బాటనే పట్టినవి. ఈ విధముగా కార్ల విషయమున గేజి తగాదా మన దేశమున చాలవరకు తీరినది. ఇది మన అదృష్టము. ఒక కంపెనీ కేంద్రములోని గన్ను, వాడుకలో దానికి అదే పేరు, మరొక కంపెనీ కారునకు చక్కగా అమరును. పాతకారు కొనువారు మాత్రము దాని ప్లగ్గు ఏదో ముందుగా చూచుకొనుట మంచిది.

రెండవ ద్వారము సంభాషణ. సీసీఎస్-2 ప్లగ్గును చూచినచో, పైభాగమున ఏడు సూదులు, క్రిందిభాగమున రెండు లావుపాటి సూదులు కనబడును. క్రింది రెండును బ్యాటరీకి విద్యుత్తు పోవు మార్గము. పైవానిలో ఒక సన్నని తీగపై కారును యంత్రమును సంకేతములతో మాట్లాడుకొనును. గన్ను తగిలించిన వెంటనే విద్యుత్తు పారదు. ముందు తాళము పడును. తీగలలో ఎచ్చటనైన విద్యుత్తు బయటకు పోవుచున్నదా అని పరీక్ష జరుగును. తరువాత కారులోని బ్యాటరీ పాలనా వ్యవస్థ, తనకు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు కావలెనో చెప్పును. యంత్రము అంతమాత్రమే ఈయవలెను. అడుగునది కారు; ఇచ్చునది యంత్రము.

దీనినిబట్టి పరాయి కంపెనీ యంత్రము మన బ్యాటరీని చెడగొట్టునను భయమునకు తగిన ఆధారము లేదని తెలియును. 120 కిలోవాట్ల యంత్రమునకు చిన్న కారును తగిలించినను, ఆ కారు 30 కిలోవాట్లే అడిగినచో 30 కిలోవాట్లే వచ్చును. వేగము తగ్గినపుడు ‘పరాయి కారు గనుక తక్కువ ఇచ్చుచున్నారు’ అని అనుమానించువారు కలరు. తొందరపడి నిందింపరాదు. కారు యొక్క గరిష్ఠ పరిమితి తక్కువ కావచ్చును. ఒకే యంత్రమునకు రెండు గన్నులుండి, రెండవదానికి మరొక కారు తగిలియుండవచ్చును. వేసవి మధ్యాహ్నమున బ్యాటరీ వేడెక్కి తానే తక్కువ అడుగుచుండవచ్చును. నూటికి 80 పాళ్లు నిండిన పిదప ఏ కారైనను నెమ్మదిగనే పుచ్చుకొనును. నిండుచున్న కుండలో నీరు పోయువాడు ధారను సన్నము చేయునట్లు.

మూడవ ద్వారము డబ్బు లెక్క. అసలైన చిక్కు ఇచ్చటనే ఉన్నది. ప్లగ్గు అమరినను, యంత్రము మాట్లాడినను, ఖాతా లేనిచో విద్యుత్తు రాదు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క యాప్. ప్రతిదానిలోను పేరు నమోదు చేయవలెను. సెల్‌ఫోనునకు వచ్చిన సంఖ్యను నింపవలెను. కొన్నింటిలో ముందుగా డబ్బు జమచేయవలెను. మిగిలిన సొమ్ము ఆ కంపెనీ సంచిలోనే ఉండిపోవును. అయిదు కంపెనీల కేంద్రములలో అయిదు సంచులు. మార్గమధ్యమున సెల్‌ఫోనునకు సంకేతము సరిగా అందనిచో, ఎదుటనున్న యంత్రము నిండు కుండయై యుండియు బాటసారికి దాహము తీరదు.

దీని ప్రభావము ఎంతటిదో ఒక లెక్కతో చూతము. 30 యూనిట్ల బ్యాటరీ గల కారు, చల్లనిగాలి యంత్రముతో రహదారి వేగమున యూనిట్టునకు 6 కిలోమీటర్లు నడచుననుకొందము. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. నడిమిదారిలో, సుమారు 135 కిలోమీటర్ల వద్ద, సూర్యాపేట. అచ్చటికి వచ్చుసరికి ఇరువది రెండున్నర యూనిట్లు ఖర్చగును, ఏడున్నర మిగులును. అచ్చట 80 పాళ్లవరకు, అనగా 24 యూనిట్లకు నింపుకొన్నచో, 30 కిలోవాట్ల యంత్రముపై అరగంటకు మించి పట్టును. అచ్చటినుండి కంచికచర్ల సుమారు 100 కిలోమీటర్లు. కంచికచర్ల చేరుసరికి బ్యాటరీలో ఇంచుమించు 7 యూనిట్లు ఉండును. విజయవాడ ఇంకను 35 కిలోమీటర్లు. దానికి 6 యూనిట్లు కావలెను. చేరుట చేరునేమో గాని, గుండె నిబ్బరముగా నుండదు. కంచికచర్లలో పది నిమిషములు ఆగినచో 5 యూనిట్లు, అనగా 30 కిలోమీటర్ల భరోసా లభించును. కాఫీ త్రాగినంత సేపు.

కాని ఆ పది నిమిషముల విద్యుత్తు కొరకు కొత్త ఖాతా తెరచుటకే పావుగంట పట్టినచో? ముందుగా కట్టవలసిన కనీసపు సొమ్ము, తాను కొనిన విద్యుత్తు వెలకంటె హెచ్చైనచో? చిన్న ఊరిలో కొద్దిపాటి ఆగుడు అర్థరహితమగును. ప్రయాణికుడు తన కంపెనీ కేంద్రములున్న పెద్ద పట్టణములలోనే ఆగును. చిన్న ఊరి కేంద్రమునకు బేరము తగ్గును. బేరము లేనిచోట యంత్రము మరమ్మతు లేక పడియుండును. మరమ్మతు లేని కేంద్రమును చూచి ఆ ఊరివారు విద్యుత్తు కారు కొనుటకు వెనుదీయుదురు. పరాయి కారునకు తలుపు మూసిన ఫలితము ఆ ఒక్క కారు యజమానితో ఆగదు. ఊరి మీద పడును.

ఈ సమస్యను ఇతర దేశములవారు ఎట్లు ఎదుర్కొనుచున్నారో తెలిసికొనుట ప్రయోజనకరము. టెస్లా కంపెనీ 2012లో తన వేగపు కేంద్రములను స్థాపింప నారంభించి, చాలకాలము తన కార్లకే పరిమితము చేసెను. 2021 నవంబరులో నెదర్లాండ్సులోని కొన్ని కేంద్రములను ఇతర కంపెనీల కార్లకు తెరచెను. 2023లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు తమ కార్లకు టెస్లా ప్లగ్గునే స్వీకరించుటకు ఒప్పుకొనెను. 2024 ఫిబ్రవరి చివర ఫోర్డు కార్లు అమెరికాలో టెస్లా కేంద్రములను ఉపయోగించుట మొదలిడినవి. నిన్నటి పోటీదారు నేటి ఖాతాదారు డయ్యెను. కంపెనీల ఇష్టమునకే విడువక, ప్రభుత్వములును పూనుకొనినవి. తన ధనసహాయముతో వెలయు కేంద్రములలో సభ్యత్వముతో పని లేకయే కార్డుతో డబ్బు చెల్లించు వీలు ఉండవలెనని అమెరికా ప్రభుత్వము 2023లో నిబంధన చేసెను. ముందస్తు ఒప్పందము లేని బాటసారికి సైతము విద్యుత్తు అమ్మవలెనను నియమము ఐరోపా సమాఖ్యలో 2024 ఏప్రిల్ 13 నుండి అమలులోనికి వచ్చెను.

మన దేశమున ఈ మార్గము మరింత సులభము కావలసినది. 2016లో వచ్చిన యూపీఐ వలన ఏ బ్యాంకు ఖాతానుండియైనను ఏ బ్యాంకు ఖాతాకైనను డబ్బు చెల్లించుట సాధ్యమైనది. తోపుడుబండిపై కూరగాయలు అమ్ముకొను ఆమె, ‘నా బ్యాంకులో ఖాతా యున్ననే వంకాయలు ఇత్తును’ అనుట లేదు. ఛార్జింగు కేంద్రమున మాత్రము ఆ మాట ఎందుకు వినవలెను? యంత్రము మీద ఒక చదరపు గుర్తు, దానిని ఫోనుతో చూచి డబ్బు పంపిన వెంటనే విద్యుత్తు, మిగిలిన సొమ్ము వెంటనే వాపసు: ఇంతకంటె బాటసారి కోరునది లేదు.

ఇచ్చట ఒక న్యాయమును విడదీసి చూడవలెను. స్వంత ధనముతో కేంద్రము స్థాపించిన కంపెనీ తన కార్లవారికి ధర తగ్గించి ఈయవచ్చును. అది వర్తకనీతికి విరుద్ధము కాదు. కాని ప్రజాధనము కలిసినచోట న్యాయము మారును. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వము మూడు ప్రభుత్వరంగ చమురు కంపెనీలకు 7,432 వేగపు కేంద్రముల కొరకు 800 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. 2024 అక్టోబరునుండి అమలులోనికి వచ్చిన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకమున ఛార్జింగు కేంద్రములకు 2,000 కోట్లు కేటాయించిరి. ఇది పన్ను కట్టిన ప్రతివాని సొమ్ము. ఇట్టి కేంద్రమున ఏ కారునైనను, కొత్త ఖాతా పేరుతో నిలువరింపక, ప్రకటించిన ధరకే ఆదరింపవలెను. ధరలో తగ్గింపు వేరు, తలుపు మూయుట వేరు.

మన ఊళ్లలో కారుకంటె స్కూటరే ఎక్కువగదా, దాని మాట ఏమని కొందరు అడుగవచ్చును. నిజమునకు గేజి తగాదా ఇప్పుడు స్కూటర్లలోనే మిగిలియున్నది. కంపెనీకొక ప్లగ్గు వాడుకలో ఉన్నది. అయినను శుభసూచన కానవచ్చుచున్నది. ఏథర్ కంపెనీ తాను రూపొందించిన ప్లగ్గును 2021లో ఇతర కంపెనీలు సైతము వాడుకొనవచ్చునని ప్రకటించెను. హీరో కంపెనీ వారి విడా స్కూటర్లు దానిని స్వీకరించుటచే, 2023లో రెండు కంపెనీల వేగపు కేంద్రములు ఉభయులకును ఉమ్మడి యయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులో భారత ప్రమాణముల సంస్థ ఆ ప్లగ్గును ఆమోదించెను. విపణిలో ఒకరితో నొకరు పోటీపడుచునే, దారిలో ఒకరి బండికి మరొకరు విద్యుత్తు ఈయవచ్చునని ఇది ఋజువు చేయుచున్నది. స్కూటరు కొనువారు ధరను, రంగును విచారించునట్లే, దాని ప్లగ్గు ఎవరెవరి కేంద్రములలో అమరునో విచారింపవలెను.

ఏర్పాట్లు బాగుపడువరకు ప్రయాణికుడు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. బయలుదేరుటకు ముందు, ఇంటివద్ద తీరికగా, దారిలోని రెండు మూడు కంపెనీల ఖాతాలను తెరచి ఉంచుకొనవలెను. ఒకే కేంద్రమును నమ్ముకొనక, దానికి ముందొకటి, వెనుకొకటి గుర్తు పెట్టుకొనవలెను. యంత్రము పనిచేయుచున్నదా అని ముందుగా విచారింపవలెను. బ్యాటరీలో అయిదవవంతు ఎప్పుడును మిగులునట్లు చూచుకొనవలెను. మన దారిలో ఈ చివరి నియమము మరీ ముఖ్యము. 2023 జులైలో మున్నేరు పొంగి, నందిగామ సమీపమున ఐతవరము వద్ద రహదారిపై నీరు పారగా, రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు వరదలలోను ఈ దారికి అంతరాయము కలిగినది. చుట్టుదారి పట్టవలసివచ్చినపుడు మిగిలిన యూనిట్లే మనకు అండ. ఇక కేంద్రమున పాటింపవలసిన మర్యాద ఒకటి కలదు. వెనుక మరొక కారు వేచియున్నపుడు, 80 పాళ్లు నిండిన పిదప గన్ను తీసి చోటు ఈయవలెను. మిగిలిన 20 పాళ్లకు పట్టు కాలములో మరొకడు తన ఊరు చేరును.

చివరగా, కేంద్రము పెట్టదలచినవారికి ఒక మాట. విద్యుత్తు వాహనమునకు ఛార్జింగు చేయుట సేవయే గాని విద్యుత్తును అమ్ముట కాదని, దానికి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టపరచెను. రహదారికి ఇరువైపుల ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రము ఉండవలెనని ఆ సంవత్సరాంతపు మార్గదర్శకములలో చెప్పబడెను. కనుక కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటలలో రోడ్డు ప్రక్కన హోటలు నడపువారు సైతము, విద్యుత్ పంపిణీ సంస్థనుండి తగిన కనెక్షను పొంది, ఈ సేవకు పూనుకొనవచ్చును. కారు బ్యాటరీ నిండునంతసేపు దానిలోని కుటుంబము భోజనము చేయును గనుక, వ్యాపారమునకు అది కలిసివచ్చును. అయితే యంత్రము ఇచ్చు కంపెనీతో ఒప్పందము వ్రాసికొనునప్పుడు ఒక షరతు పెట్టుకొనుడు: ఏ కంపెనీ కారు వచ్చినను, సభ్యుడు కానివాడు వచ్చినను, డబ్బు చెల్లించినచో విద్యుత్తు ఈయబడవలెను, యంత్రము చెడినచో ఇన్ని దినములలో బాగుచేయబడవలెను.

ఎండకాలమున మన ఊళ్లలో చలివేంద్రము పెట్టువారు దాహముగొన్నవానిని ఏ ఊరివాడవని అడుగరు. ఛార్జింగు కేంద్రము ధర్మము కాదు, వ్యాపారమే. నీటికి లేని ధర విద్యుత్తునకు ఉండును. ఆ ధర పుచ్చుకొనుట న్యాయము. కాని ఆ ధర ఈయ సిద్ధముగా నున్న బాటసారిని ‘నీ కారు మాది కాదు’ అని తిప్పిపంపుట రహదారి ధర్మమునకు సరిపడదు. రోడ్డు అందరిది. దానిపై నడచు కార్లు వేరువేరు కంపెనీలవి. వాని ప్రక్కన వెలయుచున్న ఈ కేంద్రములును అందరివై యున్ననే, హైదరాబాదులో కొన్న కారు కంచికచర్లలోను నిశ్చింతగా నడచును. కంచికచర్లవాడు ధైర్యముగా ఒక కారు కొనగలుగును.